ఫ్రాస్ట్/నిక్సన్: సినిమా చూడాలా, అసలు ఇంటర్వ్యూ చూడాలా?

అమెరికా మాజీ ప్రెసిడెంట్ నిక్సన్‌ని బ్రిటిష్ టీవీ యాంకర్ డేవిడ్ ఫ్రాస్ట్ చేసిన ఇంటర్వ్యూ మీద 2008లో వచ్చిన ఈ సినిమా చూశాక నా బుర్రలో నిలిచిపోయింది ఒక ఫోన్ కాల్. వాటర్‌గేట్ (ప్రతిపక్షం ఆఫీసులో దొంగచాటుగా చొరబడటం, దాన్ని కప్పిపుచ్చబోవడం. నిక్సన్ పదవి పోయింది ఈ కుంభకోణంలోనే) గురించి అడగబోయే రోజుకి కొన్ని రోజుల ముందు ఒక రాత్రి, మందు మీదున్న నిక్సన్ హోటల్ గదిలో ఉన్న డేవిడ్ ఫ్రాస్ట్‌కి ఫోన్ చేస్తాడు. పెద్దింటివాళ్ళు మనిద్దరినీ ఎప్పుడూ చిన్నచూపే చూశారంటూ లోపలి కడుపుమంటంతా కక్కేస్తాడు. నిక్సన్‌గా వేసిన ఫ్రాంక్ లాంజెలా ఆ సీను చేసిన తీరు గురించి రెండు రోజులు కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. తర్వాత తెలిసింది, అసలు అలాంటి ఫోనే లేదని! అది రచయిత పీటర్ మోర్గన్ కల్పన. అప్పుడే అసలు ఇంటర్వ్యూ టేపులు వెతుక్కుని చూశాను.

సంగతి క్లుప్తంగా ఇదీ. 1974 ఆగస్టు 9న నిక్సన్ గద్దె దిగాడు. సెప్టెంబరు 8న కొత్త ప్రెసిడెంట్ ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టేశాడు. ఇక కోర్టు లేదు, బోను లేదు. 1977లో ఫ్రాస్ట్ వేసిన కుర్చీయే బోను అయింది. దానికి నిక్సన్ తీసుకున్నది 6 లక్షల డాలర్లు, పైన లాభాల్లో వాటా.

డబ్బు టెన్షన్ చూపించడంలో సినిమాదే పైచేయి. పెద్ద టీవీ నెట్‌వర్కులు వద్దన్నాయి. ఫ్రాస్ట్ అక్కడా ఇక్కడా డబ్బు పోగేసి, ఒక్కో స్టేషన్‌కి విడివిడిగా అమ్ముకున్నాడు. ఫ్రాస్ట్‌గా వేసిన మైకేల్ షీన్ నవ్వుతూ చెక్కు చేతికిచ్చే సీనులో ఆ నవ్వు వెనక భయం కనిపిస్తుంది. టేపులో ఇదేమీ ఉండదు. ఇద్దరు మనుషులు, రెండు కుర్చీలు, అంతే. 12 రోజుల్లో 28 గంటలకు పైగా తీసినదాన్ని కుదించి గంటన్నర భాగాలుగా వేశారు. విదేశాంగ విధానం మీద సాగినచోట నాకు రెండుసార్లు కునుకు పట్టింది.

కానీ 1977 మే 4న సుమారు నాలుగున్నర కోట్ల మంది అమెరికన్లు చూసిన వాటర్‌గేట్ భాగం వేరు. దాన్ని వకీలైన మా బావతో కలిసి చూశాను. దేశ ప్రజల నమ్మకాన్ని వమ్ము చేశాను, ఆ బరువు చచ్చేదాకా మోయాలి అని నిక్సన్ అంటుంటే నాకు గొంతు పట్టేసింది. బావ రిమోట్ అందుకుని వెనక్కి తిప్పాడు. న్యాయానికి అడ్డుపడిన నేరం మాత్రం తాను చేయలేదని, తన ఉద్దేశం చెడ్డది కాదని నిక్సన్ వాదించిన చోట ఆపి, “చూశావా, తప్పు ఒప్పుకున్నాడు గానీ నేరం ఒప్పుకోలేదు. వీడూ లాయరే కదరా!” అన్నాడు. సినిమాలో ఈ మెలిక పలచబడిపోయింది. అక్కడ నిక్సన్ కూలిపోతాడు. టేపులో కూలుతూనే వాదిస్తాడు.

ఇంకో తేడా నాకు మరీ ముఖ్యమనిపించింది. ‘ప్రెసిడెంట్ చేస్తే అది చట్టవిరుద్ధం కాదని అర్థం’ అన్న పేరుమోసిన మాటని సినిమా తెచ్చి వాటర్‌గేట్ వేడిలో పెట్టింది, కోపంలో నోరు జారినట్టు. నిజానికి ఆ మాట వచ్చింది వేరే భాగంలో, దొంగచాటు నిఘాకీ ఇళ్ళలో చొరబడటానికీ వేసిన హ్యూస్టన్ ప్లాన్ గురించి అడిగినప్పుడు. అరుపుల్లేవు. పిల్లాడికి ఎక్కం చెప్పినట్టు చెబుతాడు. నాకైతే సినిమాలో అరుపు కంటే ఈ నెమ్మదే ఎక్కువ భయం పుట్టించింది.

కాబట్టి ఒక్క సాయంత్రమే ఖాళీ ఉంటే నా ఓటు టేపుకే, అదీ వాటర్‌గేట్ భాగానికే. రెండు సాయంత్రాలుంటే ముందు సినిమా చూడండి. ఎవరు ఎవరో తెలుస్తుంది, టేపులో దారి తప్పరు. తిరగేసి చూస్తే సినిమాలో ప్రతి సీనుకీ ‘ఇది నిజమా’ అని అనుమానం పడుతూ కూర్చుంటారు, మజా పోతుంది.

బావ మాత్రం సినిమా ఇంతవరకు చూడలేదు. అసలు సాక్షి ఉండగా నకలు దేనికంటాడు. ఫ్రాస్ట్ వేసుకున్న లేసుల్లేని ఇటాలియన్ బూట్ల మీద నిక్సన్ కన్ను పడే ముచ్చట కోసమైనా చూడు బావా అని చెబుతూనే ఉన్నాను.