ప్రైవేటు కళాశాల అధ్యాపకులకు ఎన్‌పీఎస్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

విజయవాడ, గుంటూరు పరిసరాల్లోని ప్రైవేటు ఇంజినీరింగు, డిగ్రీ కళాశాలల్లో పనిచేసే అధ్యాపకుల విశ్రాంత జీవితం ఎలా ఉండబోతుందో తెలియాలంటే ముందుగా వారి పేస్లిప్‌లో పీఎఫ్ గడిని చూడాలి. చాలా యాజమాన్యాలు చట్టంలోని 15,000 రూపాయల వేతన పరిమితి మేరకే పీఎఫ్ కడతాయి, అందులో చట్టవిరుద్ధమేమీ లేదు. ఫలితంగా మూలవేతనం ఎనభై వేలున్న ఆచార్యుడి ఖాతాలోనూ అతని వాటాగా నెలకు 1,800 రూపాయలే పడతాయి. యాజమాన్యం కట్టే మరో 1,800లో 1,250 పింఛను పథకానికి వెళతాయి. ఆ పథకం సూత్రం ప్రకారం 25 ఏళ్ళ సర్వీసుకు, అదనంగా కలిపే రెండేళ్ళతో సహా, 58 ఏళ్ళ వయసు నుంచి నెలకు వచ్చేది సుమారు 5,786 రూపాయలు. ఒక చిన్న కుటుంబానికి ఇంటి అద్దెకు కూడా చాలని ఈ మొత్తాన్ని దృష్టిలో పెట్టుకుని జాతీయ పింఛను వ్యవస్థను, అంటే మన చందాలను షేర్లు, బాండ్లలో పెట్టి విశ్రాంత వయసులో తిరిగి ఇచ్చే, అందరూ ఎన్‌పీఎస్ అని పిలిచే ఖాతాను, ప్రైవేటు అధ్యాపకుల కోణం నుంచి పరిశీలిస్తున్నాను.

మన ప్రాంతంలో ఈ పేరు ఎత్తగానే "అది ప్రభుత్వోద్యోగులదే కదండీ, దాన్నేగా రద్దు చేయమని ధర్నాలు చేస్తున్నారు" అనే మాట వినిపిస్తుంది. 2004 సెప్టెంబరు 1 తరువాత రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవారికి పాత పింఛను స్థానంలో ఎన్‌పీఎస్ కిందే నడిచే సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పింఛను పథకం) వచ్చింది. హామీతో కూడిన పింఛనును పోగొట్టుకున్న ఆ ఉద్యోగుల ఆవేదన న్యాయమైనదే. అయితే ప్రైవేటు అధ్యాపకులకు పోగొట్టుకోవడానికి అలాంటి పింఛను మొదటి నుంచీ లేదు. 2009 మే 1 నుంచి పౌరులందరికీ తెరిచిన ఈ ఖాతా వారికి కొత్తగా చేరే వసతి మాత్రమే కాబట్టి, ధర్నా చౌక్‌లో వినిపించే వాదనను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోవడం వల్ల నష్టమే జరుగుతోంది.

ఖాతా తెరవడంలో ఇబ్బంది లేదు. ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు చేతిలో ఉంటే ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో పూర్తిచేయవచ్చు, ప్రాన్ అనే 12 అంకెల శాశ్వత ఖాతా సంఖ్య వస్తుంది. ఏడాదికి కనీసం వెయ్యి రూపాయలు కడితే ఖాతా కొనసాగుతుంది. బ్యాంకు శాఖల ద్వారా కూడా తెరవవచ్చు గానీ, విజయవాడలోని ఒక శాఖలో నేను ఎన్‌పీఎస్ ఫారం అడిగితే, అక్కడి ఉద్యోగి దానిని పక్కన పెట్టి బీమా పాలసీ ప్రయోజనాలను చాలాసేపు వివరించారు. అందువల్ల ఆన్‌లైన్ దారే మేలని నా సలహా.

ఈ ఖాతాలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది ఖర్చు. నిధి నిర్వహణకు లక్ష రూపాయలకు ఏటా వసూలయ్యేది సుమారు వంద రూపాయలు. ఏజెంటు ద్వారా కొనే మ్యూచువల్ ఫండ్లలో ఇదే ఖర్చు వెయ్యి రూపాయలు దాటడం మామూలే, పాతికేళ్ళ పొదుపులో ఆ తేడా లక్షల్లోకి చేరుతుంది. ఇంత చవకైన ఖాతాను కూడా సభ్యుడి అశ్రద్ధ నీరుగార్చగలదు. పెట్టుబడి ఎంపికను పట్టించుకోనివారి డబ్బు సాధారణంగా ఎల్‌సీ-50 అనే ఆటో పద్ధతిలో పడుతుంది. అందులో 35 ఏళ్ళ వయసు వరకు షేర్ల వాటా 50 శాతం ఉంటుంది, ఆ తరువాత ఏటా రెండు శాతం చొప్పున తగ్గుతూ 55 ఏళ్ళకు 10 శాతానికి చేరుతుంది. పీహెచ్‌డీ ముగించి, ఒకటి రెండు కళాశాలలు మారి, 40 ఏళ్ళకు గానీ పొదుపు మొదలుపెట్టలేని అధ్యాపకుడికి మొదటి రోజునే షేర్ల వాటా 40 శాతానికి పరిమితమై, డబ్బు పెరగవలసిన కాలంలోనే ఇంకా తగ్గిపోతుంది. అలాంటివారు వాటాలను తామే నిర్ణయించుకునే యాక్టివ్ ఛాయిస్ ఎంచుకుని, కనీసం 50 ఏళ్ళు వచ్చేవరకైనా షేర్లకు 60 శాతానికి తగ్గకుండా కేటాయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. పడిలేచే మార్కెట్‌ను చూసి కంగారుపడే స్వభావం ఉన్నవారు మాత్రం ఆటో పద్ధతిలోనే ఉండవచ్చు.

ఇక అసలు లెక్కకు వద్దాం. 35 ఏళ్ళ వయసులో నెలకు 5,000 రూపాయలతో మొదలుపెట్టి 60 ఏళ్ళ వరకు అదే మొత్తం కడితే, ఏడాదికి 9 శాతం రాబడి వచ్చిందనుకుంటే, కట్టిన 15 లక్షలు సుమారు 56 లక్షలవుతాయి. ఆ రాబడికి హామీ లేదు, ఇది అంచనాకోసం తీసుకున్న అంకె మాత్రమే. ఇప్పుడు 80 శాతం వరకు చేతికి తీసుకునే వీలున్నా, నిధిలో 60 శాతం పన్ను లేకుండా చేతికి వస్తుందన్నది స్థిరపడిన విషయం కాబట్టి లెక్కను దానితోనే వేస్తాను. చేతికి వచ్చే 33 లక్షల పైచిలుకులో 30 లక్షలను పోస్టాఫీసులో వయోవృద్ధుల పొదుపు పథకంలో పెడితే, 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకొకసారి 61,500 రూపాయలు, అంటే నెలకు 20,500 వస్తాయి. మిగిలిన 22 లక్షల 40 వేలతో యాన్యుటీ, అంటే బీమా సంస్థ జీవితాంతం నెలనెలా ఇచ్చే పింఛను, కొంటే, ఆరున్నర శాతం చొప్పున నెలకు మరో 12,100 వస్తాయి. మొత్తం 32,600 రూపాయలు చూడటానికి బాగానే కనిపిస్తాయి. కానీ ధరలు ఏటా 5 శాతం పెరిగితే పాతికేళ్ళ తరువాత ఆ డబ్బుకు నేటి తొమ్మిదిన్నర వేల విలువే ఉంటుంది. కాబట్టి ఇంక్రిమెంటు వచ్చిన ప్రతిసారీ చందాను కూడా పెంచాలి. ఏటా 5 శాతం పెంచుతూ పోతే అదే అంచనాతో నిధి సుమారు 86 లక్షలకు చేరుతుంది.

ఈ వ్యవస్థలో బలహీనమైన భాగం యాన్యుటీ. జీవితాంతం ఆగకుండా వస్తుందన్న భరోసా విలువైనదే అయినా, సాధారణంగా అందరూ తీసుకునే రకంలో ఆ మొత్తం ఒక్క రూపాయి కూడా పెరగదు, పైగా అది పన్ను లెక్కలోకి వస్తుంది. 60 ఏళ్ళప్పుడు సరిపోయిన 12,000 రూపాయలు మందుల ఖర్చు పెరిగే 80 ఏళ్ళ వయసులోనూ 12,000గానే ఉంటాయి. ప్రభుత్వేతర చందాదారులకు యాన్యుటీలో తప్పనిసరిగా పెట్టవలసిన వాటాను 2025 డిసెంబరులో 40 నుంచి 20 శాతానికి తగ్గించడాన్ని ఈ కారణంగానే నేను స్వాగతిస్తున్నాను. డబ్బును కూడబెట్టే దశలో ఈ ఖాతాకు అయిదుకు నాలుగున్నర మార్కులు వేస్తాను, తిరిగి ఇచ్చే దశలో రెండున్నరకు మించి వేయలేను.

పన్ను విషయంలో గుంటూరు బ్రాడీపేట ఆడిటర్ల దగ్గర వినిపించే 50,000 రూపాయల అదనపు మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. కొత్త విధానంలో మిగిలింది యాజమాన్యం ద్వారా కట్టే చందాపై మినహాయింపు ఒక్కటే, దాని పరిమితి మూలవేతనం, కరువు భత్యాలలో 14 శాతం. ఆ రెండూ కలిపి 1,20,000 ఉన్న సీనియర్ ఆచార్యుడికి నెలకు 16,800, ఏడాదికి 2,01,600 రూపాయలు పన్ను పరిధి నుంచి తప్పుతాయి. ఇప్పుడిస్తున్న మొత్తం జీతాన్నే కొద్దిగా సర్ది ఈ చందా కట్టవచ్చు కాబట్టి కళాశాలకు జీతాల భారం పెరగదు. యాజమాన్యం ద్వారా ఎన్‌పీఎస్ చందా కట్టే కార్పొరేట్ విధానంలో నమోదు చేసుకుని నెలనెలా జమచేసే శ్రమ మాత్రమే ఉంటుంది. ఇంత తేలికైన పనిని చేయించడానికి అధ్యాపక సంఘాలు పట్టుబట్టకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. జీతం ఏడాదికి 12.75 లక్షల లోపు ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్లకు కొత్త విధానంలో పన్నే పడదు కాబట్టి, వారు పన్ను కోసం కాకుండా పొదుపు కోసమే ఈ ఖాతాలో చేరాలి.

అవసరానికి డబ్బు తీసుకోలేమన్న ఫిర్యాదులో కొంత నిజముంది. మూడేళ్ళ తరువాత పిల్లల ఉన్నత చదువు, పెళ్ళి, ఇల్లు, తీవ్రమైన జబ్బు వంటి కారణాలకు, సొంతంగా కట్టిన చందాలో 25 శాతం వరకే తీసుకోవచ్చు. నేను దీనిని గుణంగానే చూస్తాను. మన వైపు మిగులు డబ్బంతా చీటీలలోకో, అమరావతి చుట్టుపక్కల స్థలాలలోకో వెళ్ళడం అలవాటు. 2019 తరువాత కొన్నేళ్ళపాటు అక్కడ కొనేవారు లేక, స్థలం ఉండీ చేతిలో డబ్బులేక ఇబ్బందిపడ్డవారు మనకు తెలిసినవారిలోనే ఉన్నారు.

50 దాటినవారికి కొత్తగా ఈ ఖాతా తెరవడం మొదటి మార్గం కాదు. వారు అంతకన్నా ముందు స్వచ్ఛంద పీఎఫ్‌ను, అంటే తప్పనిసరి మొత్తానికి మించి పీఎఫ్‌లో సొంత వాటా కట్టడాన్ని, ఆలోచించాలి: 2024-25కు ప్రకటించిన వడ్డీ 8.25 శాతం, మార్కెట్ భయం లేదు. సొంత చందా ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే ఆ పై మొత్తం మీది వడ్డీకి మాత్రం పన్ను పడుతుంది. ఏ వయసువారైనా ముందు తమ కళాశాల అకౌంట్స్ విభాగంలో రెండు ప్రశ్నలు అడగాలి: 15,000 పరిమితికి మించి నా వాటా పీఎఫ్‌లో కట్టుకోవడానికి అనుమతిస్తారా, ఎన్‌పీఎస్ కార్పొరేట్ విధానంలో కళాశాల నమోదై ఉందా? రెండో ప్రశ్నకు లేదన్న సమాధానం వస్తే, నలుగురైదుగురు అధ్యాపకులు కలిసి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అభ్యర్థన ఇవ్వడం మంచిది.