11.5, 5000: ఆరేళ్లు వాడిన రెండు అంకెల మీద నా సమీక్ష

జాంథన్ గమ్ (బ్యాక్టీరియా తయారుచేసే, ద్రవాలను చిక్కబరిచే జిగురు) బ్యాచ్‌లు నడపడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. మొదటి రోజు బ్రాత్, అంటే బ్యాక్టీరియా పెరిగే ద్రవం, నీళ్లలా ఉంటుంది, మూడో రోజుకి చల్లారిన గంజి. కలియబెడితే పలచబడుతుంది, వదిలేస్తే బిగుసుకుంటుంది. అందుకే దీని విస్కాసిటీ (చిక్కదనం) ఎంత అని ఎవరైనా అడిగితే, ఏ షియర్ రేట్ దగ్గర, అంటే ద్రవం పొరలు ఒకదానిమీద ఒకటి ఎంత వేగంగా జారుతున్నప్పుడు అని మనం ఎదురు అడగాల్సిందే. నడుస్తున్న ఫెర్మెంటర్‌లో (బ్యాక్టీరియాని పెంచే ట్యాంకులో) ఆ షియర్ రేట్‌ని కొలిచే ప్రోబ్ మా దగ్గర లేదు. ఫార్ములాలే దిక్కు: 11.5, 5000 వాటిలోని స్థిరాంకాలే.

స్టిర్డ్ ట్యాంక్‌కి (మోటార్‌తో కలియబెట్టే ట్యాంకుకి) 1957 నాటి మెట్జ్‌నర్, ఓటోల పద్ధతి వాడతాను. ఇంపెల్లర్ (కలియబెట్టే బ్లేడ్ల చక్రం) సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో చూసి, ఒక స్థిరాంకంతో గుణించడమే. రష్టన్ టర్బైన్‌కి (నిలువు బ్లేడ్లున్న ఇంపెల్లర్ రకం) అది సుమారు 11.5. 300 ఆర్‌పీఎం అంటే సెకనుకు 5 చుట్లు, కాబట్టి షియర్ రేట్ సెకనుకు 57.5. అదే ట్యాంకు, అదే ఇంపెల్లర్ అయితే ఒక బ్యాచ్‌ని ఇంకో బ్యాచ్‌తో పోల్చడానికి ఇది హాయిగా పనికొస్తుంది.

చిక్కల్లా బ్యాక్టీరియాకి ఆక్సిజన్ కోసం గాలి వదిలాకే. బ్లేడ్ల వెనక గాలి గూళ్లు కట్టి మోటార్ లాగే పవర్ పడిపోతుంది. ఫార్ములాకి ఆ సంగతి తెలియదు, ఇంకా 57.5 అనే చెబుతుంది. పైగా అది సగటు. ఒక బ్యాచ్‌లో ఆక్సిజన్ ప్రోబ్ మంచి అంకె చూపిస్తోందని ధీమాగా ఉన్నాం. సైట్ గ్లాస్‌లోంచి (ట్యాంకుకి ఉన్న గాజు కిటికీలోంచి) చూస్తే గోడ పక్కన బ్రాత్ కదలడమే లేదు! ఇంపెల్లర్ చుట్టూ ఒక గుహలాంటి చోట మాత్రమే కలుస్తోంది, ప్రోబ్ ఉన్నది ఆ గుహలోనే. గాలి పెద్ద పెద్ద బుడగలై మధ్యలోంచి పైకి పోతోంది. ఆ రోజు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

బబుల్ కాలమ్‌కి (ఇంపెల్లర్ లేకుండా కింది నుంచి వదిలిన గాలి బుడగలే కలిపే నిలువు ట్యాంకుకి) వాడింది నిషికావా బృందం 1977లో ఇచ్చిన సూత్రం. గాలి ప్రవాహాన్ని కాలమ్ అడ్డుకోత వైశాల్యంతో భాగించి, సెకనుకు మీటర్లలో వచ్చిన వేగాన్ని 5000తో గుణిస్తే షియర్ రేట్ వస్తుంది. సులువే, కానీ నాకు నచ్చలేదు. గంజి వేసినా తేనె వేసినా జవాబు ఒకటే, ద్రవం ఊసే ఉండదు. అదీగాక ఇది సెకనుకు 4 సెంటీమీటర్లు దాటిన వేగాలకు. మా చిన్న కాలమ్ 2 దగ్గర నడిచేది. ఆ షరతు చదవకుండా ఏడాది పాటు లెక్కలు కట్టాను, తప్పు నాదే.

తర్వాత 5000 బదులు హెంజ్లర్ 1500 అన్నారు, షుంపే, డెక్వర్ 2800 అన్నారు. సెకనుకు 5 సెంటీమీటర్ల వేగం దగ్గర లెక్క కడితే షియర్ రేట్లు వరుసగా 250, 75, 140 వస్తాయి. షియర్ రేట్‌తో విస్కాసిటీ ఎలా మారుతుందో చెప్పే పవర్ లా సూత్రంలో మా చివరి రోజు బ్రాత్‌కి ఘాతం 0.3, కన్సిస్టెన్సీ (చిక్కదనం గుణకం) 10. ఆ లెక్కన విస్కాసిటీ 250 దగ్గర 0.21 పాస్కల్ సెకను, 75 దగ్గర 0.49. ఎవరి మాట వింటామన్నదాన్ని బట్టి రెట్టింపుకి పైగా తేడా! ఇప్పుడు మూడూ కట్టి, గాలిలోంచి బ్రాత్‌లోకి ఆక్సిజన్ బదిలీ ఎంతో అతి పెద్ద, అతి చిన్న షియర్ రేట్లు రెండింటికీ చూసుకుంటున్నాను. చెత్త అంకెకి కూడా గాలి సరిపోతేనే బ్యాచ్ వేస్తాను.

బ్యాక్టీరియా కణాలు చితుకుతాయా అన్న ప్రశ్నకి మాత్రం ఈ రెండు ఫార్ములాలనీ అడగను. బ్లేడ్ కొస దగ్గర షియర్ సగటుకి ఎన్నో రెట్లు ఉంటుంది. మా లాగ్‌షీట్‌లో 57.5 పక్కన ఇప్పుడు పెన్నుతో రాసి ఉంటుంది: గాలి లేనప్పుడు.