కుటుంబంతో వెళ్తే దుబాయ్‌లో ఇల్లా, షార్జాలోనా?

కావలి నుంచో, కందుకూరు నుంచో ఒంటరిగా వెళ్లినవాళ్లకు ఒక మంచం అద్దెకు దొరికితే చాలు. భార్యాపిల్లల్ని తీసుకెళ్లేటప్పుడే అసలు లెక్క మొదలవుతుంది: ఉద్యోగం దుబాయ్‌లో ఉంటే ఇల్లూ అక్కడే తీసుకోవాలా, పక్కనే ఉన్న షార్జాలోనా అని. నెలకు 4,000 దిర్హామ్‌ల (అక్కడి కరెన్సీ) జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉంటే కుటుంబానికి వీసా వస్తుంది. కానీ ఆ జీతంతో సంసారం ఈదడం చాలా కష్టం. తొందరపడొద్దు.

అద్దె: షార్జాలో తక్కువ. దుబాయ్‌లో ఎక్కువ, పైగా ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు కరెంటు, నీళ్ల బిల్లులో కలిపి వసూలు చేస్తారు. నెల్లూరులోలా నెలనెలా ఇద్దామంటే కుదరదు, చాలాచోట్ల ఏడాది అద్దెకు ముందే చెక్కులు రాసివ్వాలి.

ప్రయాణం: షార్జా ఇక్కడే దెబ్బ కొడుతుంది. ఆఫీసు వేళల్లో షార్జాను దుబాయ్‌తో కలిపే అల్ ఇత్తిహాద్ రోడ్డు కదలదు. కావలి నుంచి నెల్లూరు దాకా గంటలో వచ్చేస్తాం, అక్కడ అందులో సగం దూరానికే గంట దాటిపోతుంది. కారుంటే సాలిక్ అనే దుబాయ్ రోడ్డు టోల్, రద్దీ వేళల్లో గేటుకు 6 దిర్హామ్‌లు. మెట్రో షార్జా దాకా లేదు, బస్సే దిక్కు. ఇంటికొచ్చేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది. ఆ బాధకు ధర కట్టలేం.

బడి: 2022 నుంచి షార్జాలో శుక్రవారమూ సెలవే. ఇద్దరూ దుబాయ్‌లో ఉద్యోగం చేస్తుంటే ఆ రోజు పిల్లల్ని ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి.

ఒక్క జీతం, ఇంట్లోనే ఉండే పిల్లల తల్లి, ఊళ్లో తీర్చాల్సిన అప్పు ఉంటే షార్జా. ఇద్దరి సంపాదన ఉంటే, మెట్రో దగ్గర చిన్న ఇల్లయినా సరే, దుబాయ్.