పాత కారుకు బ్లూటూత్ ఓబీడీ స్కానర్: కోడ్ కంటే అంకెలు ముఖ్యం

చెక్ ఇంజన్ లైటు వెలిగినప్పుడల్లా మెకానిక్ షెడ్డుకు వెళ్లి, కంప్యూటర్ పెట్టి చూసినందుకు కొంత, ఆ కంప్యూటర్ చెప్పిందంటూ మార్చిన సెన్సర్‌కు మరికొంత చెల్లించి, వారం తిరగకముందే అదే లైటును మళ్లీ చూసే పాత కారు యజమానులు మనలో చాలామంది ఉన్నారు. ఈ సమీక్ష వారి కోసం. ఈఎల్ఎం327 రకానికి చెందిన ఒక చవక బ్లూటూత్ స్కానర్‌ను మా 2012 నాటి 1.2 లీటర్ల పెట్రోల్ కారుకు చాలాకాలంగా వాడుతున్నాను. వెయ్యి రూపాయల లోపు దొరికే ఈ పరికరం తప్పకుండా కొనదగినదని నా అభిప్రాయం. కానీ డబ్బా మీద రాసినట్టు అది లోపాన్ని దానంతటదే కనిపెట్టదు. ఇంజన్ కంప్యూటర్ క్షణక్షణం కొలుచుకుంటున్న అంకెలను మన ఫోనులో చూపుతుంది, అంతే. ఆ అంకెలను చదవడం నేర్చుకుంటే దాని విలువ ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. నేర్చుకోకపోతే కంప్యూటర్ ఇచ్చే లోపం కోడ్ చూసి పార్టు మార్చే అలవాటు షెడ్డు నుంచి ఇంటికి వస్తుంది.

మీ కారుకు ఇది పనిచేస్తుందో లేదో ముందుగా తేల్చుకోవాలి. ఓబీడీ (కారు తన లోపాలను తానే పసిగట్టి నమోదు చేసుకునే పద్ధతి) ప్రమాణం అమెరికాలో 1996 నుంచి, ఐరోపాలో పెట్రోల్ కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. మన దేశంలో అది భారత్ స్టేజ్-4 (బీఎస్-4) కాలుష్య నిబంధనలతో పాటు వచ్చింది. ఆ నిబంధనలు 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో మొదలై, 2017 ఏప్రిల్ నాటికి దేశమంతటికీ వర్తించాయి. ఈ మధ్యలో 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ రెండో దశ అమలైంది. అందుచేత 2013 తరువాతి బీఎస్-4 కార్లతో ఇబ్బంది అరుదు, 2010 నుంచి 2013 మధ్యవి చాలావరకు పలుకుతాయి, అంతకు ముందువాటి విషయంలో మాత్రం ప్రయత్నించి చూడవలసిందే. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ కనిపించినంత మాత్రాన సంతోషించకూడదు. పాత మారుతి కార్లలో కొన్నింటికి అదే ఆకారంలో సాకెట్ ఉన్నా, లోపల నడిచేది సుజుకి సొంత భాష. దానితో ఈ స్కానర్ మాట్లాడలేదు. అయితే ఆనాటి సుజుకి ఇంజన్లకు మరో సదుపాయం ఉంది. డయాగ్నసిస్ టెర్మినల్‌ను చిన్న వైరుతో ఎర్త్‌కు కలిపి తాళం ఆన్ చేస్తే, చెక్ ఇంజన్ లైటే మినుకుమంటూ కోడ్ చెబుతుంది. ఒకసారి మెరిసి, కాస్త ఆగి, రెండుసార్లు మెరిస్తే అది 12, అంటే లోపమేదీ నమోదు కాలేదని అర్థం. అలాంటి కారు ఉన్నవారు స్కానర్ కొనకుండా ఒక మంచి మల్టీమీటర్ కొనుక్కోవడం మేలు.

ఇక పరికరం నాణ్యత సంగతి. ఈఎల్ఎం327 అనేది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ రూపొందించిన చిప్. దాని తొలి వెర్షన్‌కు కాపీ రక్షణ లేకపోవడంతో నకళ్లు ప్రపంచమంతటా వ్యాపించాయి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఈ ధరకు దొరికేవన్నీ దాదాపు నకళ్లే. వీటి మీద తరచుగా కనిపించే ‘వెర్షన్ 1.5’ను ఆ సంస్థ ఎన్నడూ విడుదల చేయలేదు. విచిత్రమేమిటంటే, 1.5 అని రాసి ఉన్న నకళ్లలో చాలావరకు పనికివస్తాయి, 2.1 అని రాసి ఉన్నవాటిలో మాత్రం కొన్ని ఆదేశాలను వదిలేసేవి, పాత కార్ల కంప్యూటర్ ఒక్క వైరు మీద మాట్లాడే కె-లైన్ పద్ధతిని అందుకోలేనివి ఎక్కువ. నేను మొదట తెప్పించినది ఆ రెండో రకమే. ఫోనుతో జత కట్టింది గానీ కారుతో కలవలేదు. వాపసు ఇచ్చి మరొకటి తీసుకున్నాను. ఐఫోన్ వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: సాధారణ బ్లూటూత్ స్కానర్లు దానితో పనిచేయవు, బ్లూటూత్ లో-ఎనర్జీ (బీఎల్ఈ) రకమైనా, వైఫై రకమైనా కావాలి. ఆండ్రాయిడ్‌లో టార్క్, కార్ స్కానర్ అనే యాప్‌లు రెండూ నాకు చాలినంతగా ఉపయోగపడ్డాయి.

కె-లైన్ కార్లలో సమాచారం సెకనుకు 10,400 బిట్ల వేగంతో మాత్రమే నడుస్తుంది. యాప్‌లో పది మీటర్లు పరిచి పెడితే ఒక్కొక్కటీ ఎప్పటికో గానీ మారదు. అవసరమైన రెండు మూడు అంకెలనే ఎంచుకుని చూడాలి.

నా దృష్టిలో ఈ స్కానర్ తొలి ప్రయోజనం కూలెంట్ ఉష్ణోగ్రతను అంకెల్లో చూపడం. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి వేడిని చూపే ముల్లు ఉండదు; ఇంజన్ చల్లగా ఉంటే నీలం లైటు, ప్రమాదం ముంచుకొచ్చాక ఎర్ర లైటు, మధ్యలో ఏమవుతోందో తెలియదు. మా కారు మేము కొనేనాటికే వాడినది. హైవే మీద మైలేజీ ఎందుకో తక్కువగా వస్తుండేది. స్కానర్ పెట్టి విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, పక్క సీట్లో ఉన్నవారు ఫోను చూస్తూ చదువుతుంటే, ఇంజన్ వేడి 65 డిగ్రీలు దాటడం లేదని తేలింది. ఊళ్లో ట్రాఫిక్‌లో అదే 90 దాటి, ఫ్యాన్ తిరగగానే దిగుతోంది. ఈ రెండింటినీ కలిపి చూస్తే కారణం ఒక్కటే కనిపిస్తుంది: థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు) తెరుచుకునే బిగుసుకుపోయి ఉండాలి, లేదా అసలు లేకపోయి ఉండాలి. విప్పి చూస్తే అది లేనే లేదు. కారు వేడెక్కుతోందని ఫిర్యాదు చేస్తే థర్మోస్టాట్ పీకి పారేయడం మన ప్రాంతంలో పాతుకుపోయిన అలవాటు. మన ఎండలకు అది అక్కర్లేదని కూడా నమ్మకంగా చెబుతారు. అక్కర ఉంది. ఇంజన్ తగినంత వేడెక్కలేదని కంప్యూటర్ భావించినంతసేపూ అవసరానికి మించి పెట్రోల్ పోస్తుంది, ఇంజన్ లోపలి అరుగుదలా పెరుగుతుంది. కొన్ని కార్లలో దీనికి పి0128 అనే కోడ్ వస్తుంది, మా కారులో అదీ రాలేదు. థర్మోస్టాట్ పెట్టించాక హైవే మీద అంకె 85కూ 92కూ మధ్య నిలబడింది, మైలేజీలో తేడా స్పష్టంగా కనిపించింది.

నిజంగానే వేడెక్కే కారులోనూ ఈ అంకె దారి చూపుతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు 100 దాటి, కదలగానే దిగితే అనుమానం ఫ్యాన్ మీద, దాని రిలే మీద, ఫ్యూజ్ మీద పెట్టుకోవాలి. అలా కాక వేగంగా వెళ్లేటప్పుడు పెరిగితే రేడియేటర్ మూసుకుపోవడమో, వాటర్ పంపు బలహీనపడటమో, కూలెంట్ తగ్గడమో అయి ఉంటుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్లలో సున్నం పేరుకుపోవడం మన దగ్గర మామూలే. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సర్ నీటిలో కాక గాలిలో ఉంటుంది గనుక అసలు వేడికంటే తక్కువ చూపవచ్చు. అంకె బాగానే ఉంది కదా అని ఆవిరి కక్కుతున్న కారును నడపకూడదు. సెన్సర్‌ను పరీక్షించడం కూడా సులభం. రాత్రంతా ఆగి ఉన్న కారులో తెల్లవారుజామున తాళం ఆన్ చేసి చూస్తే, కూలెంట్ ఉష్ణోగ్రతా లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రతా దాదాపు సమానంగా ఉండాలి. ఏప్రిల్ నెలలో మైనస్ 40 అని చూపుతోందంటే సెన్సర్ వైరు తెగిందనో, కనెక్టర్ ఊడిందనో అర్థం. సాధారణంగా పి0118 కోడ్ దానికి తోడుగా ఉంటుంది.

కోడ్‌ను అక్షరాలా నమ్మి డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా పి0171 దగ్గర. మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దాని భావం. మా కారుకు ఈ కోడ్ వచ్చినప్పుడు ఒక షెడ్డులో ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచేది) మార్చాలని, కొన్ని వేలు అవుతుందని చెప్పారు. ఆ లోపాన్ని పసిగట్టి చెప్పిన సెన్సర్‌నే దోషిగా నిలబెట్టడమన్నమాట. ఇక్కడ చూడవలసినవి ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు. తన లెక్క ప్రకారం పోయవలసిన పెట్రోల్‌కు కంప్యూటర్ ఎంత శాతం కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అవి చెబుతాయి. తాత్కాలిక ట్రిమ్, దీర్ఘకాలిక ట్రిమ్ రెండింటినీ కూడితే ప్లస్ పదికీ మైనస్ పదికీ మధ్య ఉంటే సాధారణంగా చింతించనక్కరలేదు. మా కారులో ఐడ్లింగ్‌లో మొత్తం 4 శాతమే ఉంది. ఏసీ వేసి హైవే మీద వేగం పెంచితే 20 దాటింది. అంటే తక్కువ పెట్రోల్ కావలసినప్పుడు అందుతోంది, ఎక్కువ కావలసినప్పుడు అందడం లేదు. ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ మాత్రం 0.1కీ 0.9కీ మధ్య చురుగ్గా ఊగుతూనే ఉంది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే పైకి లేస్తోంది. ప్రెషర్ గేజ్ ఉన్న మరో మెకానిక్‌తో ఇంధన పీడనం కొలిపించి, వెనక సీటు కింద నుంచి పెట్రోల్ పంపు బయటికి తీయించగా, దాని ఫిల్టర్ నల్లగా మూసుకుపోయి ఉంది. ఫిల్టర్ మార్చాక ట్రిమ్ పదిలోపు దిగింది. పాత సెన్సర్ ఇప్పటికీ ఆ కారులోనే పనిచేస్తోంది.

ఇందుకు విరుద్ధంగా, ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి, 2,500 ఆర్‌పీఎంకు రేసు చేస్తే తగ్గిపోతే ఎక్కడో గొట్టం చీలి గాలి లోపలికి చొరబడుతోందని పుస్తకాలు చెబుతాయి. ఆ సూత్రం గాలి ప్రవాహాన్ని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ ఇంజన్లకు చక్కగా సరిపోతుంది. మన చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువగా ఉండేది మ్యానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్. అలా చొరబడిన గాలినీ అది లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ట్రిమ్ పెద్దగా మారకపోవచ్చు. దానికి బదులు ఐడ్లింగ్ వేగం పెరుగుతుంది, మామూలుగా 30, 35 కిలోపాస్కల్స్ దగ్గర ఉండే పీడనం ఎక్కువగా కనిపిస్తుంది. ఎల్‌పీజీ కిట్ పెట్టించిన పాత కార్లలో ఈ ట్రిమ్ అంకెలను పెట్రోల్ మీద కొంతదూరం నడిపాకనే నమ్మాలి, ఎందుకంటే గ్యాస్ మీద నడిచేటప్పుడు నేర్చుకున్న లెక్కను కంప్యూటర్ పెట్రోల్‌కూ వర్తింపజేస్తుంది. డీజిల్ కార్లలో ఈ ట్రిమ్ పరీక్షకు తావులేదు.

ఇంజన్ మిస్సింగ్ కొడుతున్నప్పుడు మాత్రం కోడే నేరుగా సాయపడుతుంది. పి0302 అంటే రెండో సిలిండర్ సరిగా మండడం లేదు. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ (ప్లగ్‌కు నిప్పురవ్వ అందించేది) ఉన్న ఇంజన్‌లో రెండో కాయిల్‌ను మూడోదానితో మార్చి నడిపితే, కోడ్ పి0303గా మారిందంటే కాయిల్ పోయినట్టే. మారకపోతే ప్లగ్‌ను అలాగే మార్చి చూడాలి, ఆ తరువాతే ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా కాయిల్ సెట్టు మొత్తం మార్పించుకోవడం అనవసరం.

ఈ పరికరానికి కనిపించనివి చాలా ఉన్నాయి. సస్పెన్షన్ చప్పుళ్లు, అరిగిన క్లచ్, బ్రేకులు దీని పరిధిలోకి రావు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లను చదవాలంటే ఆ తయారీదారుకు తగిన వేరే స్కానర్ కావాలి. బ్యాటరీ వోల్టేజీని చూపుతుంది గానీ, నకలు చిప్‌లలో ఆ అంకె అటూఇటూ ఉంటుంది. ఒకసారి మల్టీమీటర్‌తో పోల్చి తేడా గుర్తుపెట్టుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా 14 వోల్టుల దరిదాపుల్లో లేకపోతే, పాత కారులో సంబంధం లేని కోడ్‌లు నాలుగైదు ఒక్కసారే పుట్టుకొస్తాయి. అలాంటప్పుడు సెన్సర్ల జోలికి పోకుండా బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు శుభ్రం చేయించి, ఆల్టర్నేటర్‌ను పరీక్షించాలి.

కోడ్ చెరిపే బటన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది నొక్కితే లైటుతో పాటు ట్రిమ్ లెక్కలు, లోపం వచ్చిన క్షణంలో నమోదైన వేగం, వేడి, ఆర్‌పీఎం వివరాలు కూడా పోతాయి. చెరపడానికి ముందు వాటిని ఫోటో తీసి పెట్టుకుంటే మెకానిక్‌కు ఎంతో ఉపయోగం. వాడిన కారు కొనేవారికి ఇదే సంగతి మరోలా పనికివస్తుంది. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైటు వెలగాలి. వెలగకపోతే బల్బు తీసేశారేమో చూడాలి. యాప్‌లోని రెడీనెస్ పరీక్షలు (కంప్యూటర్ తన భాగాలను తానే పరీక్షించుకునేవి) చాలావరకు అసంపూర్ణంగా ఉంటే, కోడ్‌లు ఇటీవలే చెరిపేసి ఉండవచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండవచ్చు. కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా కొన్ని కార్లు చెబుతాయి. అమ్మేవారు నెలల తరబడి ఏ లోపమూ లేదంటుంటే, ఆ అంకె 12 కిలోమీటర్లని చూపడం బేరం ఆపడానికి చాలినంత కారణం.

సాకెట్‌లోని 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. పని అయ్యాక స్కానర్ తీసేయాలి. రోజుల తరబడి వదిలేస్తే పాత బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ తీసుకోదు. కదులుతున్న కారులో అంకెలు చూసే పని పక్కవారికి అప్పగించాలి. కొనేటప్పుడు వాపసు గడువు ఉన్న చోటే కొని, వచ్చిన రోజే మీ కారుకు పెట్టి కూలెంట్ వేడి, ఆర్‌పీఎం, ట్రిమ్ ఈ మూడూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. కారు ఆరోగ్యంగా ఉన్న రోజునే ఐడ్లింగ్‌లోనూ హైవే మీదా వచ్చే అంకెలను సర్వీసు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఇంజన్ తేడా చేసిన నాడు పోల్చుకోవడానికి మీ కారు సొంత లెక్క చేతిలో ఉంటుంది.