స్లీవ్ సర్జరీతో ఏళ్ళు గడిచాక: ముందు ఏం చూసుకోవాలి, తర్వాత ఏం ఎదురవుతుంది

బరువు తగ్గడానికి చేసే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది 100–150 మి.లీ. పట్టే సన్నని గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దాంతోపాటే పోతుంది కాబట్టి మొదటి ఏడాది పెద్దగా ఆకలే వేయదు. ఆ ఏడాది చూసి చాలామంది ఐదు నక్షత్రాలు ఇచ్చేస్తారు. నా దృష్టిలో దీనికి మార్కులు వేయాల్సింది రెండో ఏడాది దాటాక, ఆకలి మెల్లగా తిరిగొచ్చినప్పుడు. అప్పటికి ప్రొటీన్ ముందు తినడం, విటమిన్ బిళ్ళలు మానకుండా వేసుకోవడం అలవాటైతే బరువు నిలుస్తుంది. ఆ అలవాట్లు కుదిరినవాళ్ళకి ఇది నాలుగు నక్షత్రాల ఆపరేషన్. ఒకటి తగ్గించింది ఎసిడిటీకి.

అందుకే తేదీ ఖాయం చేసుకునే ముందే ఎండోస్కోపీ చేయించుకోండి. ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు ఇప్పటికే ఉంటే స్లీవ్ తర్వాత పెరగొచ్చు. గొట్టం సన్నబడి లోపల ఒత్తిడి పెరుగుతుంది, యాసిడ్ పైకి తన్నుతుంది. అన్నవాహికలో పుండ్లు కనబడితే గ్యాస్ట్రిక్ బైపాస్ గురించి సర్జన్‌తో మాట్లాడాలి. బైపాస్‌లో 30 మి.లీ. దాకా పట్టే చిన్న సంచి చేసి చిన్నపేగుకి కలుపుతారు. మంట తగ్గుతుంది, షుగర్ మీదా బాగా పనిచేస్తుంది. కానీ విటమిన్ల లోటు ఎక్కువ. స్వీట్లు తింటే పావుగంట, అరగంటలో గుండెదడ, చెమటలు, విరేచనాలు వచ్చే డంపింగ్ కూడా అందులోనే ఎక్కువ.

ఇన్సూరెన్స్ ఉందన్న ధీమా వద్దు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం 18 ఏళ్ళు నిండి, బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 40 అయినా ఉండాలి, లేదా 35తో పాటు అదుపులో లేని టైప్ 2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), గుండె జబ్బు లాంటిదైనా ఉండాలి. డైట్లు, మందులు పనిచేయలేదని కాగితాలు చూపాలి. వైద్యపరంగా ఆసియావాళ్ళకి బీఎంఐ 27.5 దాటితే చాలు, సర్జరీ ఇవ్వొచ్చని 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. కాబట్టి మధ్యలో ఉన్నవాళ్ళు సొంత డబ్బు పెట్టుకోవాల్సి రావచ్చు.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాల డైట్‌ని మన పట్టుదలకి పరీక్ష అనుకుంటారు. అది కాలేయం కోసం. కొవ్వు పట్టిన కాలేయం ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం మీదే పరుచుకుని ఉంటుంది. కెమెరా ఆపరేషన్‌లో దాన్ని పైకెత్తి పట్టుకోవాలి. ఉబ్బి ఉంటే చోటు చాలదు, చిట్లి రక్తం వస్తుంది. పిండిపదార్థాలు బాగా తగ్గించి రోజుకి 800–1000 క్యాలరీలతో ఉంటే కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉన్న చక్కెర, దాన్ని పట్టుకున్న నీరు పోయి అది కుంచించుకుంటుంది. మన ఇళ్ళలో అయితే అన్నం, చపాతీ, ఇడ్లీ, దోసె ఆపి ప్రొటీన్ షేకులు, పల్చటి మజ్జిగ, కూరగాయల సూపు, గుడ్డు తెల్లసొనతో గడపాలి. "మళ్ళీ తినలేవు కదా" అని బంధువులు ప్రేమగా పెట్టే బిర్యానీ భోజనాలు ఈ పనంతా చెడగొడతాయి.

షుగర్ మందులు వాడేవాళ్ళు డైట్ మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మోతాదు మార్పించుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ గురించి పేరు పెట్టి అడగండి. తిండి తగ్గినప్పుడు ఇవి షుగర్ మామూలుగా కనబడుతుండగానే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెంచి ప్రాణం మీదికి తేవొచ్చు. సిగరెట్, గుట్కా కనీసం ఆరు వారాల ముందే మానాలి. నికోటిన్ ఉంటే కోసిన చోటు సరిగా మానదు.

ఆపరేషన్ అయిన రోజే నడిపిస్తారు. మొదటి రెండు మూడు రోజులు వచ్చే భుజం నొప్పి, పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల. నడుస్తుంటే తగ్గుతుంది. తగ్గకుండా పెరిగే నొప్పి, పడుకున్నా 120 దాటే నాడి, జ్వరం, ఆయాసం వేరే సంగతి. ఇవి జీర్ణాశయం కోసి కుట్టిన చోట లీకవుతోందనడానికి సూచనలు కావొచ్చు. ఇంటికి వచ్చాక కూడా రావొచ్చు. నాడి చూసుకోవడానికి ఆక్సీమీటరు దగ్గర ఉంచుకోండి. గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగొద్దు.

తాగడం మళ్ళీ నేర్చుకోవాలి. దగ్గు మందు సీసా మూత 10 మి.లీ. అయితే పావుగంటకి మూడు మూతలు, అదీ చప్పరిస్తూ. మొదటి రెండు వారాలు కొబ్బరినీళ్ళు, పప్పుకట్టు, వడకట్టిన సూపు, ప్రొటీన్ కలిపిన పాలు. మూడు, నాలుగు వారాల్లో మిక్సీ పట్టిన పప్పు, పెరుగు. ఆ తర్వాత మెత్తటి గుడ్డు, ఉడికించిన చేప, సాంబారులో నానిన ఇడ్లీ. అన్నం, చపాతీ, వేపుడు మటన్ చివర్న. అన్నం ముద్దగా చేరి ఇరుక్కుంటుంది. కడుపు నిండిన గుర్తు కూడా మారుతుంది. ఉన్నట్టుండి ముక్కు కారడం, తుమ్ము, ఎక్కిళ్ళు, ఛాతీ మధ్యలో బరువుగా అనిపించడం. అక్కడ ఆపకుండా ఇంకో ముద్ద పెడితే నురగలాంటి వాంతి అవుతుంది. తినేటప్పుడు, తిన్నాక అరగంట నీళ్ళు వద్దు. మజ్జిగన్నం జారుగా కలుపుకు తాగేసే అలవాటుంటే అదీ మానాలి. కడుపు నిండినట్టు తెలియకుండానే జారిపోతుంది.

రోజుకి 60–80 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డుకి 6, గ్లాసు పాలకి 6–7, వంద గ్రాముల పనీర్‌కి 18, వే ప్రొటీన్ పొడి ఒక స్కూపుకి సుమారు 24. బలం అని అందరూ పట్టుబట్టే రాగి జావ గ్లాసులో 2 గ్రాములకి మించి ఉండదు. మొదటి నెలలు పొడి లేకుండా లెక్క కుదరదు.

అన్నిటికంటే భయపడాల్సింది ఆగని వాంతుల గురించి. రోజుల తరబడి వాంతులైతే శరీరంలో థయామిన్, అంటే బీ1, కొన్ని వారాల్లోనే అడుగంటుతుంది. చూపు రెండుగా కనబడడం, నడక తూలడం, మతిమరుపు మొదలైతే మెదడు దెబ్బతింటోందని అర్థం. ఊళ్ళో ఆసుపత్రికి వెళ్తే నీరసం అని గ్లూకోజ్ బాటిల్ పెడతారు. ముందు థయామిన్ ఇంజక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఈ ఒక్క మాట కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకి ఇవ్వండి.

బిళ్ళలు జీవితాంతం. మల్టీవిటమిన్, బీ12, డీ3, ఐరన్, రోజుకి 1200–1500 మి.గ్రా. కాల్షియం. కాల్షియం సిట్రేట్ రకమైతే మేలు, 500 చొప్పున విడదీసి. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి, ఐరన్ టీతో వద్దు. పిత్తాశయం ఉన్నవాళ్ళకి రాళ్ళు రాకుండా అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ ఆరు నెలలు రాస్తారు.

మూడో నెల నుంచి చాలామందికి జుట్టు గుప్పెళ్ళతో ఊడుతుంది. కుదుళ్ళు చావవు, ప్రొటీన్, ఐరన్ సరిగా ఉంటే కొన్ని నెలల్లో ఆగి తిరిగి వస్తుంది. మూడో వారంలో బరువు కదలకపోవడం మామూలే. మద్యం వేగంగా ఎక్కుతుంది. ఆడవాళ్ళు 12–18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గుతున్నకొద్దీ గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఇది ముందే మాట్లాడుకోవాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు పుండ్లు పుట్టిస్తాయి, బైపాస్‌లో మరీను. మెడికల్ షాపులో అడిగేటప్పుడు పారాసెటమాల్ అని పేరు చెప్పి తీసుకోండి.

మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏటా రక్తపరీక్షలు ఉండాలి: హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, బీ12, డీ, పారాథైరాయిడ్ హార్మోను. చాలామంది బరువు తగ్గగానే వెళ్ళడం మానేస్తారు. బీ12 లోటు ఏళ్ళ మీద బయటపడుతుంది. అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాక వెళ్తే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.