కరివేపాకు చెట్టు గొంగళిపురుగుల కోసం కొన్న వలగూడు

మా పెరటి కరివేపాకు చెట్టు మీద కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగులు కనిపించినప్పుడల్లా వాటిని పెంచి చూడాలని ఉండేది. ఆ కోరికతోనే ఆన్‌లైన్‌లో 650 రూపాయలు పెట్టి, మడిచి దాచుకునే వలగూడు ఒకటి తెప్పించాను. ఇప్పటికి మూడు విడతల పురుగులు అందులో పెరిగి రెక్కలతో బయటికి వెళ్లాయి.

రెండడుగుల ఎత్తే ఈ గూడుకు అసలు బలం. కోశం నుంచి వెలువడిన సీతాకోకచిలుక నలిగిన రెక్కలను కిందికి వేలాడదీసుకుని ఆరబెట్టుకోవాలి. చోటు చాలకపోతే అవి వంకరగానే బిగుసుకుపోతాయి. గరుకు వల మీద కాళ్లకు పట్టు దొరకడంతో ఇంతవరకు ఒక్కదానికీ రెక్క చెడలేదు. అయితే జిప్పు మూలల్లో సందు ఉంది, పక్షిరెట్టలా కనిపించే పసి పురుగు ఒకటి అందులోంచి బయటపడింది.

నా గట్టి అభ్యంతరం మాత్రం గూడుతో పాటు ఇచ్చిన కాగితం మీద. మగదానికి ఒక బొమ్మ, ఆడదానికి ఒక బొమ్మ వేసి సరిపెట్టారు. ఈ జాతిలో మగవన్నీ ఒకే తీరుగా ఉంటాయి గానీ, ఆడవాటికి మన ప్రాంతంలో మూడు రూపాలు ఉన్నాయి. సైరస్ అచ్చం మగదానిలా ఉంటుంది. స్టిషియస్ కామన్ రోజ్ అనే వేరే జాతి సీతాకోకచిలుకను, రోములస్ క్రిమ్సన్ రోజ్ అనే మరో జాతిదాన్ని అనుకరిస్తాయి. ఆ రెండు రోజ్‌లూ ఈశ్వరి తీగ జాతి ఆకులు తిని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి కనుక పక్షులు వాటి జోలికి పోవు. క్రిమ్సన్ రోజ్ ప్రధానంగా భారతదేశంలోనూ శ్రీలంకలోనూ ఉంటుంది కాబట్టి రోములస్ రూపం కూడా ఇక్కడే ఎక్కువగా కనిపిస్తుంది, తూర్పు ఆసియా వైపు కనిపించదు. అండమాన్‌లోని స్టిషియాయిడిస్, నికోబార్‌లోని నికోబారస్ వేరే ఉపజాతులు. మన ప్రధాన భూభాగపు ఉపజాతి పేరు కూడా రోములసే కావడంతో కొత్తవారు తికమక పడతారు, ఆ కాగితం విప్పి చెప్పవలసింది ఇదే. ఆడవాటి ఈ రూపభేదాన్ని డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువే నడిపిస్తుందని 2014లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

రెండో విడతలో ఒకే ఉదయం సైరస్, రోములస్ రెండూ పక్కపక్కనే వెలువడ్డాయి. ముందు రెక్కల మీద తెల్లని పట్టీలు, వెనక రెక్కల మీద ఎర్రని మచ్చలు చూసి ఇంట్లోవాళ్లు రెండోదాన్ని క్రిమ్సన్ రోజ్ అనే అనుకున్నారు. వల దగ్గరకు వంగి చూస్తే ఒళ్లు ఎర్రగా లేదు, నల్లగా ఉంది.

గూడును నిస్సందేహంగా కొనవచ్చు, జిప్పు మూలలకు మాత్రం ముందే రెండు కుట్లు వేసుకోండి. కాగితంలో ఆడదానికి మూడు బొమ్మలూ వేయమని అమ్మకందారుకు రాశాను, జవాబు ఇంకా రాలేదు.