కౌంటీ పెద్దాసుపత్రితో ఆరేళ్లు

అమెరికాలో తెలుగువాళ్లంటే అందరూ సాఫ్ట్‌వేరే అనుకుంటారు. మా ఆయన క్యాటరింగ్ కిచెన్‌లో వంట చేస్తారు. పెళ్లిళ్ల సీజన్‌లో చేతినిండా పని, జనవరిలో ఖాళీ. ఆ ఉద్యోగంలో హెల్త్ ఇన్సూరెన్స్ లేదు. ఇలాంటి ఇళ్లు మన వాళ్లలో చాలానే ఉన్నాయి. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మేం ఉండేది టెక్సస్‌లో ఒక పెద్ద కౌంటీలో. ప్రజల పన్నులతో నడిచే ఆసుపత్రి, దాని కింద ఊరంతా క్లినిక్‌లు ఉన్నాయి. ఆరేళ్లుగా మా ఇంటి వైద్యమంతా అక్కడే. మూడేళ్లుగా నేను అక్కడే ఫార్మసీలో పనిచేస్తున్నాను కూడా. అందుకే కౌంటీ పేరు రాయడం లేదు. మంచీ చెడూ రెండూ ఉన్నదున్నట్టు చెప్పాలంటే పేరు లేకపోవడమే మేలు.

2019 ఫిబ్రవరిలో అత్తయ్య, మామయ్య గ్రీన్ కార్డు మీద నరసరావుపేట నుంచి వచ్చారు. ఇద్దరికీ అరవై అయిదు దాటింది, అత్తయ్యకి ఇరవై ఏళ్ల షుగరు. అరవై అయిదు దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, మెడికేర్, కావాలంటే గ్రీన్ కార్డుతో అయిదేళ్లు వరసగా ఇక్కడ ఉండాలి. టెక్సస్ మెడికెయిడ్‌ని (ఆదాయం తక్కువున్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) విస్తరించని రాష్ట్రం, దేశంలో ఇన్సూరెన్స్ లేనివాళ్ల శాతం అన్నిటికంటే ఎక్కువున్నదీ ఇక్కడే. కొత్తగా వచ్చినవాళ్లు ప్రభుత్వ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ కొనుక్కోవచ్చు, కానీ వచ్చిన 60 రోజుల్లోపే చేరాలి. ఆ సంగతి మాకు గడువు దాటాక తెలిసింది. మీ అమ్మానాన్నలు వస్తుంటే దయచేసి ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. నవంబరులో మళ్లీ చూశాం గానీ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనం కట్టాల్సిన మొత్తం) చూసి వెనక్కి తగ్గాం.

కౌంటీకి వెళ్దామంటే ముందు మామయ్యే ఒప్పుకోలేదు. "అమెరికా వచ్చి కూడా ధర్మాసుపత్రికేనా అమ్మా?" అన్నారు. తెలిసినవాళ్లు కూడా అదే మాట, అదంతా కాగితాల్లేనివాళ్లు వెళ్లే చోటని. నేను ప్రాపర్టీ టాక్స్ బిల్లు తెచ్చి చూపించాను. అందులో స్కూళ్లకి ఒక లైను, కౌంటీకి ఒక లైను, ఈ ఆసుపత్రిని నడిపే హాస్పిటల్ డిస్ట్రిక్ట్‌కి ఒక లైను ఉంటుంది. ఆ బిల్లు మా ఇంటి ఓనరుది. ఆయన కట్టేది మా అద్దెలోంచే. మన డబ్బుతో నడిచే ఆసుపత్రికి మనం వెళ్లడం ధర్మం ఎలా అవుతుంది? డాలస్‌లో పార్క్‌లాండ్ ఇలాంటిదే, 1963లో కెనెడీని కాల్చినప్పుడు తీసుకెళ్లింది అక్కడికే. దేశంలో మొదటి బ్లడ్ బ్యాంకు 1937లో మొదలైంది షికాగోలో కుక్ కౌంటీ వాళ్ల ఆసుపత్రిలో. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో అయితే 2023లో జనం ఓటేసి మరీ ఆసుపత్రుల కోసం 250 కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు. ఇవి చిన్నచూపు చూడాల్సిన చోట్లు కావు.

మొదటి పని, తక్కువ ఖర్చుతో వైద్యానికి కౌంటీ ఇచ్చే కార్డు. మన తెల్ల కార్డు, ఆరోగ్యశ్రీ కలిపితే ఎలా ఉంటుందో అలాంటిది. ఎలిజిబిలిటీ ఆఫీసులో పాస్‌పోర్టులు, గ్రీన్ కార్డులు, అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు, టాక్స్ రిటర్ను, జీతం చెక్కుల కాగితాలు అడిగారు. స్పాన్సర్ కాబట్టి మా ఆయన ఆదాయం కూడా లెక్కలోకి తీసుకున్నారు. మూడుసార్లు తిరిగాం. ఒకసారి కరెంటు బిల్లు పాతదని, ఇంకోసారి అగ్రిమెంటులో అత్తయ్య వాళ్ల పేర్లు లేవని తిప్పి పంపారు. ఓనరుతో ఒక ఉత్తరం రాయించుకెళ్తే అయిపోయింది. ఆదాయాన్ని బట్టి విజిట్‌కి ఇంతని చిన్న మొత్తం కట్టాలి. నాకు ఉద్యోగం వచ్చాక ఆ మొత్తం పెరిగింది, అది న్యాయమే.

ఇలాంటి కార్డు తీసుకుంటే సిటిజన్‌షిప్ రాదేమోనని చాలామందికి టెన్షన్. సిటిజన్‌షిప్ పరీక్షలో "పబ్లిక్ చార్జ్" (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా) అనే ప్రశ్నే లేదు. అది గ్రీన్ కార్డు, వీసాల దగ్గర వచ్చే సంగతి. ఇంకా గ్రీన్ కార్డు రానివాళ్లు మాత్రం ముందు లాయరుని అడగండి, ఆ రూల్సు మారుతుంటాయి.

ఇప్పుడు అసలు విషయం, అత్తయ్య కాలు. 2020 శీతాకాలంలో కొత్త బూట్లు కరిచి కుడి బొటనవేలి కింద పొక్కు లేచింది. నొప్పి లేదు కాబట్టి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేకపోవడమే అసలు జబ్బు అని మాకు అప్పుడు తెలియదు. క్లినిక్‌కి షుగరు కోసం వెళ్తే నర్సు మేజోళ్లు విప్పమంది. అరవై దాటిన మనిషి, తల నెరిసిపోయింది. స్టూలు పక్కకి నెట్టి కింద కూర్చుని, అత్తయ్య పాదం తీసి తన ఒడిలో పెట్టుకుంది. అత్తయ్య కాలు వెనక్కి లాగేసుకున్నారు. "వద్దమ్మా, పెద్దదానివి, నా కాళ్లు పట్టుకోకూడదు, నాకు పాపం చుట్టుకుద్ది" అన్నారు. ఫోన్‌లో ఉన్న ఇంటర్‌ప్రెటర్ ఆ మాట చెప్పగానే నర్సు అత్తయ్య మోకాలి మీద చెయ్యి వేసి, "మా అమ్మ కాళ్లు కూడా నేనే చూసేదాన్ని" అంది. అప్పుడు కాలు చాపారు.

ఆవిడ దగ్గర పిడికి బిగించిన సన్నటి నైలాన్ పోగు ఒకటి ఉంది, గాలానికి కట్టే దారంలా ఉంటుంది. దాన్ని పాదం మీద ఒక్కోచోట వంగేదాకా ఆనించి తెలుస్తోందా అని అడుగుతారు. అత్తయ్య కళ్లు మూసుకున్నారు. మడమ దగ్గర "ఆ" అన్నారు. మధ్యలో "ఆ" అన్నారు. వేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఏమీ అనలేదు. పోగు వంగుతోంది, ఆవిడ ఇంకా ఎప్పుడు పెడతారా అని చూస్తున్నారు. ఆ నిమిషం నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పొక్కు కింద అప్పటికే పుండు పట్టింది.

అదే రోజు పుండు శుభ్రం చేసి, ఆ వేలి మీద బరువు పడకుండా ఒక ప్రత్యేకమైన బూటు ఇచ్చారు. తర్వాత పదకొండు వారాలు వారం వారం కట్టు. కోవిడ్ రోజులు, మిగతా విజిట్లన్నీ ఫోన్లో నడుస్తున్నాయి, కాలి కోసం మాత్రం రమ్మనేవాళ్లు. వేలు దక్కింది. మూడు నెలల సగటు షుగరు చెప్పే ఏ1సీ అప్పుడు 11.2, ఇప్పుడు 7.4.

ఇంటర్‌ప్రెటర్ గురించి చెప్పాలి. ఇది వాళ్ల దయ కాదు, ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆసుపత్రులు రోగి భాషలో ఉచితంగా సాయం ఏర్పాటు చేయాలని చట్టం ఉంది. ఇంట్లో పిల్లలతో అనువాదం చేయించకూడదని కూడా ఉంది. అయినా మొదటిసారి "ఇండియన్" అనగానే హిందీ ఇంటర్‌ప్రెటర్ని పెట్టారు. ఇంకోసారి తమిళం. తెలుగు వచ్చాక కూడా మొదట్లో ఇబ్బందే. ఆయన "మధుమేహం", "మూత్రపిండాలు" అంటుంటే అత్తయ్య నా మొహం చూస్తున్నారు. నేను కల్పించుకుని "షుగరు, కిడ్నీలు అనండి చాలు" అన్నాను. "తెలుగు" అని చార్టులో పెద్దగా రాయించుకోండి, అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే అడగండి. మీకు ఇంగ్లిష్ వచ్చినా అడగండి. నేను పక్కన ఉంటే అత్తయ్య చెప్పని సంగతులు కొన్ని ఇంటర్‌ప్రెటర్‌కి చెప్పారు. రాత్రిళ్లు మాత్ర మానేస్తున్న సంగతి మాకు అలాగే తెలిసింది.

ఎమర్జెన్సీకి రెండుసార్లు వెళ్లాం. ఒకసారి మామయ్యకి తెల్లవారుజామున ఛాతీలో బరువు. కౌంటర్‌లో పేరు చెప్పడం ఆలస్యం, వీల్‌చైర్‌లో లోపలికి తీసుకెళ్లి పది నిమిషాల్లో ఇ.సి.జి. తీశారు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని ముందు పరీక్షించి ప్రమాదం తప్పించాల్సిందే, చెల్లించగలరా లేదా అన్నది తర్వాత. రెండోసారి నాకు కడుపునొప్పి. తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చున్నాను. నా తర్వాత వచ్చినవాళ్లు నా ముందే లోపలికి వెళ్తుంటే ఏడుపొచ్చింది. అక్కడ వరస వచ్చిన టైమును బట్టి ఉండదు, ప్రమాదాన్ని బట్టి ఒకటి నుంచి అయిదు దాకా నంబరు వేస్తారు. మామయ్యని పది నిమిషాల్లో చూసిందీ, నన్ను తొమ్మిది గంటలు కూర్చోబెట్టిందీ ఒకటే లెక్క. ఇప్పుడు ఆ లెక్క సరైనదనే అంటాను. కానీ గోడ మీద ఒక బోర్డు పెట్టి ఎంతసేపు పడుతుందో చెప్తే సగం బాధ తగ్గేది. అది ఇప్పటికీ లేదు. శాలువా, చార్జరు తీసుకెళ్లండి. డాక్టరు చూసేదాకా ఏమీ తినకండి.

నాకు నిజంగా కోపమున్నది రెండు విషయాల మీద. ఒకటి స్పెషలిస్టుల దగ్గర ఆలస్యం. మామయ్య కంటి శుక్లానికి ఎనిమిది నెలల తర్వాత డేటిచ్చారు. ఆయన ఆగలేదు, గుంటూరు వెళ్లి వారంలో చేయించుకుని రెండు నెలల్లో వచ్చేశారు. టికెట్ డబ్బులున్నాయి కాబట్టి వెళ్లగలిగారు. మా ఫార్మసీ కిటికీ దగ్గర నిలబడేవాళ్లలో చాలామందికి వెళ్లడానికి ఇంకో ఊరు లేదు. రెండోది బిల్లులు. కార్డు ఉన్నా సరే, ఒకసారి డాక్టర్ల గ్రూపు నుంచి విడిగా 1,840 డాలర్ల బిల్లొచ్చింది. కార్డు నంబరు వాళ్లకి చేరలేదట. ఫోన్ చేస్తే ఇక్కడికని అక్కడికని నాలుగు నెలలు తిప్పారు. చివరికి ఆసుపత్రి ఫైనాన్షియల్ కౌన్సెలర్ ఎదురుగా కూర్చుని, స్పీకర్లో పెట్టి మాట్లాడితే ఇరవై నిమిషాల్లో కొట్టేశారు. ఏ బిల్లొచ్చినా భయపడి కట్టేయకండి. కాగితం పట్టుకుని మనిషి దగ్గరికి వెళ్లండి.

డాక్టర్ల విషయానికొస్తే, క్లినిక్‌లో చూసేది ఎక్కువగా రెసిడెంట్లు, అంటే ఇంకా శిక్షణలో ఉన్న డాక్టర్లు. వాళ్ల వెనక సీనియర్ ఉంటారు. మూడేళ్ల చదువు అవగానే వెళ్లిపోతారు. అత్తయ్యకి ఇష్టమైన డాక్టరమ్మ గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన అమ్మాయే, 2022 జూన్‌లో వెళ్లిపోయింది. కొత్తగా వచ్చిన వాళ్లకి కథంతా మొదటి నుంచి చెప్పాలి. అందుకని ఒక నోటుబుక్కు పెట్టాను, మందులు, తేదీలు, ఎవరేమన్నారో అందులో ఉంటాయి. డాక్టర్లు మారుతుంటారు గానీ నర్సులు, క్లర్కులు మారరు. వాళ్లతో పరిచయం పెంచుకోండి.

నా ఉద్యోగం సంగతి. గుంటూరులో బి.ఫార్మసీ చేశాను. 2003 తర్వాత పాసైనవాళ్లు ఇక్కడ ఫార్మసిస్టు పరీక్షలకి వెళ్లాలంటే అయిదేళ్ల కోర్సు అయుండాలి, మాది నాలుగేళ్లే. చాలామంది అక్కచెల్లెళ్లు అక్కడితో ఆశ వదిలేసి ఇంట్లో కూర్చుంటున్నారు. ఫార్మసీ టెక్నీషియన్‌కి ఆ అడ్డు లేదు. 90 ప్రశ్నల సర్టిఫికేషన్ పరీక్ష, తర్వాత రాష్ట్ర ఫార్మసీ బోర్డులో రిజిస్ట్రేషన్. కౌంటీలో అప్లై చేశాక ఉద్యోగం చేతికి రావడానికి అయిదు నెలలు పట్టింది. ఇంటర్వ్యూలో అత్తయ్య కాలి గురించే చెప్పాను.

జీతం బయటి చైన్ ఫార్మసీ ఇస్తానన్న దానికంటే కొంచెం తక్కువ. కానీ మా ఆయనకీ పాపకీ ఇన్సూరెన్స్ వచ్చింది, పెన్షన్ ఉంది, చదువుకుంటే ఫీజులో సాయం చేస్తారు. నర్సింగ్ చదివి అప్పులున్న పిల్లలకి ఇంకో లాభం. ఇలాంటి ప్రజా సంస్థలో పనిచేస్తూ 120 నెలల వాయిదాలు కడితే మిగతా ఫెడరల్ స్టూడెంట్ లోను మాఫీ చేసే పథకం 2007 నుంచి ఉంది. పని మాత్రం తేలిక కాదు. పొద్దున ఏడింటికి ట్రేలో మాత్రలు పోసి గరిటెతో అయిదేసి చొప్పున లాగడం మొదలుపెడితే భోజనం టైము దాకా తల ఎత్తం. మనుషులు చాలరు, ప్రమోషన్లు నత్తనడక. ఒకామె మందుల సంచి తీసుకుని, "ఇది సగం సగం వేసుకుంటే రెండు నెలలొస్తుందా?" అని అడిగింది. అలా వద్దని చెప్పి కౌన్సెలర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఇలాంటి ఆసుపత్రులకి కంపెనీలు చాలా మందుల్ని తగ్గింపు ధరకి అమ్మాలని 1992లో చట్టం చేశారు. ఆ మందు మా దగ్గర ఆమెకి చాలా తక్కువకే వస్తుంది, ఆమెకి ఎవరూ చెప్పలేదంతే.

2024లో అత్తయ్య వాళ్లకి అయిదేళ్లు నిండాయి. మెడికేర్‌లో ఆసుపత్రిలో అడ్మిట్ అయితే ఖర్చు ఇచ్చే పార్ట్ ఏ ఉచితంగా రావాలంటే ఇక్కడ పదేళ్లు పనిచేసిన లెక్క ఉండాలి. లేనివాళ్లు కొనుక్కోవాలి, 2025లో నెలకి మనిషికి 518 డాలర్లు. మా వల్ల కాదు. డాక్టర్ల విజిట్లకి ఇచ్చే పార్ట్ బి ఒక్కటే తీసుకున్నాం, అది 2025లో 185. అడ్మిట్ అవ్వాల్సి వస్తే కౌంటీ కార్డే దిక్కు, అందుకే ఏటా రెన్యువల్ మర్చిపోను. గడువుకి నెల ముందే కాగితాలు ఇచ్చేయాలి. ఒకసారి పది రోజులు ఆలస్యమై ఇన్సులిన్‌కి పూర్తి ధర కట్టాం.

మందులకీ, నర్సులకీ, ఎమర్జెన్సీకీ అయిదుకి అయిదు ఇస్తాను. స్పెషలిస్టులకి రెండు, బిల్లుల ఆఫీసుకి ఒకటి. పళ్ల విభాగానికి ఇంకా ఏమీ ఇవ్వలేను. అత్తయ్యకి దవడ పన్ను కదిలి నాలుగు నెలలైంది, అన్నం ఒక పక్కే నములుతున్నారు. మెడికేర్ మామూలు పళ్ల వైద్యానికి ఇవ్వదు, కౌంటీలో పళ్ల క్లినిక్ ఉన్నది రెండు చోట్లే. వచ్చే నెల 9న పొద్దున ఎనిమిదింటికి పిలిచారు. సెలవు పెట్టాను, ఇంటర్‌ప్రెటర్ తెలుగేనని రెండుసార్లు ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాను.